మీటరుకి ఇంత

వేల్స్‌లో మా కొండమీది కాలవలు మూసినందుకు
మీటరుకి ఇంత అని నాకిస్తున్నారు.
యాభై రెండేళ్ల కిందట అవే కాలవలు తవ్వినందుకు
గొలుసుకి ఇంత అని నాన్నకిచ్చారు.
గొలుసంటే ఇరవై రెండు గజాలు.
కొలత మారింది. కొండ మారలేదు.

పొక్లెయిన్ నాదే, ఇంకా పదకొండు వాయిదాలున్నాయి.
నాన్న గొర్రెల ట్రాలీలో గోనెసంచి మీద కూర్చుని వస్తాడు,
ఒళ్లో టీ ఫ్లాస్కు, చేతిలో గొర్రెకొమ్ము పిడి కర్ర.
ఆఫీసువాళ్ల మ్యాపులో నూట ఆరు గీతలు,
ఆకాశంనుంచి తీసినవి.
హెదర్ పొదలు కమ్మేసిన చోట ఆకాశానికేం కనిపిస్తుంది?
నాన్న కర్రతో పొడుస్తాడు: "ఇక్కడ."
కర్ర మోకాలిలోతు దిగిపోతుంది.
"ఇక్కడొకటి. గ్విలిమ్ బూటు మింగేసింది ఇదే."

ఆనాటి ఆఫీసరు టై కట్టుకుని కొండెక్కాడట.
"దేశానికి మాంసం కావాలి ఇద్వాల్,
ఈ ఊబి ఎవరికి పనికొస్తుంది?
నీళ్లు దించెయ్, గడ్డి దానంతటదే వస్తుంది."
నీళ్లు దిగాయి.
గడ్డి రాలేదు.
కొండను తవ్వి ఎలుకను పట్టడం అంటారే,
మాకు ఎలుకైనా దొరకలేదు.
చెక్కు మాత్రం వచ్చింది.
వంటింట్లో ఇప్పటికీ మండే ఇనుప పొయ్యి ఆ చెక్కే,
నా మొదటి బడి బూట్లు ఆ చెక్కే.

తర్వాత గొర్రెకి ఇంత అన్నారు.
తలలు లెక్కపెట్టి ఇచ్చేవారు, మేం తలలు పెంచాం,
మూడొందలు తొమ్మిదొందలయ్యాయి.
ఒకే గొర్రె రెండు కొండల లెక్కలో కనబడ్డ ఏళ్లూ ఉన్నాయి,
పేర్లు చెప్పను.
ఆ తర్వాత గొర్రెల్ని తగ్గించినందుకు ఇంత అన్నారు.
తగ్గించాం.
ఇన్నేళ్లూ కింద వంతెన దగ్గరివాళ్లు
గుమ్మానికి ఇసుకమూటలు అడ్డం పెట్టుకుంటూనే ఉన్నారు.
ఒకప్పుడు మూడ్రోజులు ఆలోచించుకుని దిగే వాన
మా కాలవల్లో పడి
రాత్రి భోజనాల వేళకే వాళ్లింటికి వెళ్లేది.

ఇప్పటి ఆఫీసరు హెలెద్, నా కూతురంత పిల్ల.
టై లేదు, నాకన్నా బురద బూట్లు.
నల్లమట్టిని గుప్పిట పిండి చూపిస్తుంది:
"ఈ అరచేతి మందానికి వందేళ్లు పట్టింది,
ఎండితే పొగలా గాల్లోకి పోతుంది.
తడిగా ఉంచితే చాలు, నాచు దానంతటదే వస్తుంది."
నేను నమ్ముతాను. నిజంగానే నమ్ముతాను.
టై ఆయన్ని నాన్న కూడా ఇలాగే నమ్మాడు.

నేను పచ్చగడ్డ పెళ్లగించి
కాలవకి అడ్డంగా పెట్టి
బకెట్ వీపుతో రెండు దెబ్బలు వేస్తాను.
వెనక నీళ్లు ఆగి, కాసేపు తికమకపడి,
పక్కలకి నడవడం గుర్తు తెచ్చుకుంటాయి.
"వంకరగా పెడుతున్నావ్," ట్రాలీలోంచి కేక,
"నేను సూటిగా తవ్వాను, నువ్వూ సూటిగా మూయి."
తీసి మళ్లీ పెడతాను.

ఇవాళ ఆఖరి రోజు.
హెలెద్ టేపు పట్టుకుని లెక్కేసింది: నూట ఏడు.
"ఒకటి ఎక్కువుందే," అంది.
"మ్యాపులో లేనిదానికి డబ్బు రాదు మెయినిర్, క్షమించు."

పై వాలులో అది, డెబ్బై గజాలు,
యంత్రం దిగబడిపోయిన వారంలో
అమ్మ లాంతరు పట్టుకుంటే పారతో తవ్వింది,
పిల్లలు వేసే గొర్రెల కాళ్లకింద
నేల కాస్త పొడిగా ఉంటుందని.

నాన్న ఫ్లాస్కు మూత బిగించాడు.
"తవ్వినప్పుడూ దానికి
ఎవరూ ఏమీ ఇవ్వలేదులే."